వామ్‌గెడాన్‌కు షాద్‌నగర్ వ్యాఖ్యానం

మెదక్ జిల్లా కొల్చారం పేరు వింటే మల్లినాథసూరి గుర్తొస్తాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసే ముందు ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అన్నాడు. ఆ పద్ధతి మహాకావ్యాలకే కాదు, నలుగురు కలిసి సరదాగా పెట్టుకున్న ఆటకు కూడా పనికొస్తుందని నా నమ్మకం. మనుషులు ఇష్టపడి కట్టుకున్న నియమాల్లో ఏ మాటా ఊరికే పడదు. ఒక్కో మాటను పట్టుకుని ఇది ఎందుకు ఇలా ఉందని అడిగితే, ఆ మాట వెనకున్న మనిషి కనిపిస్తాడు.

నేను వ్యాఖ్యానిస్తున్న ఆట మా ఇంటికి డాలస్ నుంచి వచ్చింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు ఒక డిసెంబరు ఒకటో తారీఖున ఇంటి వాట్సాప్ గ్రూపులో నియమాలు పెట్టాడు. వాడి చెల్లెలు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ చేస్తుంది. ఆమె వెంటనే ఒప్పుకుంది. నేనుండేది షాద్‌నగర్‌లో. ‘షాద్’ అంటే ఫారసీలో సంతోషంగా ఉన్నవాడు. నిజాం సంస్థానంలో ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూ కవిత్వానికి పెట్టుకున్న కలంపేరు అది. దాని మీదే ఊరికి పేరు వచ్చింది. ఆయన కలంపేరు తప్ప అధికారం పేరేదీ ఊరికి అంటకపోవడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. సంతోషం పేరున్న ఊళ్లో కూర్చుని ఒక ఆటకు అర్థం రాయడం నాకు తగిన పనిగానే తోచింది.

మూలం ఇది, నా మాటల్లో:

“డిసెంబరు 1 మొదలు 24 అర్ధరాత్రి దాకా వామ్ పాడిన ‘లాస్ట్ క్రిస్మస్’ చెవిన పడకుండా గడపాలి. అసలు పాటకే లెక్క. వేరేవాళ్లు పాడినవీ, మార్చి కట్టినవీ లెక్కలోకి రావు. విని గుర్తుపట్టిన క్షణాన ఆట ముగిసినట్టే. ఓడినవాళ్లు వామ్‌హల్లాకు చేరతారు. పక్కవాళ్లను కావాలని ఓడించడం ఆట ఉద్దేశం కాదు.”

ఇక మాటలు.

వామ్‌గెడాన్: ఆట పేరు. డెన్మార్క్‌లో కొందరు మిత్రులు డిసెంబరంతా ఎక్కడికి వెళ్లినా ఒకే పాట వినిపిస్తోందని గమనించి, దాన్నుంచి తప్పించుకోవడాన్నే ఆటగా మార్చుకున్నారు. వామ్ అనే బృందం పేరునూ ఆర్మగెడాన్ అనే మాటనూ అతికితే ఈ పేరు పుట్టింది. ఆర్మగెడాన్ బైబిల్ మాట. ప్రకటన గ్రంథం పదహారో అధ్యాయంలో చివరి యుద్ధానికి రాజులంతా పోగయ్యే చోటు అది. తెలుగు బైబిల్ చదివినవాళ్లు దాన్ని హార్‌మెగిద్దోనుగా ఎరుగుదురు. చిన్న ఆటకు ఇంత పెద్ద పేరేమిటని అనుకోవద్దు. ఇద్దరు తోడికోడళ్లు మాటామాటా అనుకుంటే మనం కురుక్షేత్రం అంటాం. కుర్రాళ్లు చద్దన్నం పంచుకోలేక కొట్టుకుంటే రామరావణ యుద్ధం అంటాం. మా మేనకోడలు దీన్ని మొదటిరోజే ‘వామ్‌క్షేత్రం’ అనేసింది. అర్థం చెడకుండా ఇల్లు మారిన అనువాదం అది.

డిసెంబరు 1 మొదలు: తారీఖు పెట్టడంలోనే ఆట సగం ఉంది. ఐరోపాలో, అమెరికాలో క్రిస్మస్ పాటలు అంగళ్లలోకి అంతకన్నా ముందే వస్తాయి. ఒకటో తారీఖుకు ముందు విన్నది వినలేదనుకోవాలి. ఆ పొద్దు నుంచి మాత్రం చెవికి కాపలా ఉండాలి.

మన వైపు డిసెంబరుకు వేరే చప్పుళ్లున్నాయి. అయ్యప్ప మాలలు వేసుకున్నవాళ్ల నలభైయొక్క రోజుల దీక్ష ఆ నెలలోనే పండుతుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానాలు, శరణుఘోష, ఎవరింట్లోనైనా పడిపూజ అయితే వీధి చివరి దాకా భజన. పదహారో తారీఖుకు ధనుర్మాసం మొదలవుతుంది. ఆ రోజు నుంచి ముప్పై పాశురాల తిరుప్పావై, రోజుకొకటి. శంషాబాద్ పక్కన ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించారు. ఆ రామానుజులకు తిరుప్పావై మీదున్న ప్రీతికి ఆయన్ను తిరుప్పావై జీయర్ అనే పిలిచారు. అదే శంషాబాద్‌లో మెన్నొనైట్ బ్రదరన్ సంఘం వారి బైబిల్ కళాశాల ఉంది. సీరో మలబార్ కాథలిక్కుల మేత్రాసనం 2017 నుంచి ఈ ఊరి పేరుతోనే నడుస్తోంది. కాబట్టి మా దారిలో క్రిస్మస్ పరాయి పండగేమీ కాదు. డిసెంబరు రాగానే పల్లెల్లో కూడా ఇంటి ముందు కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం వెలుగుతుంది. బళ్లలో, కాలేజీల్లో, సంఘాల్లో ‘సెమీ క్రిస్మస్’ చేస్తారు. ఈ మాటను తెలుగువాళ్లు ఎంత సొంతం చేసుకున్నారో చూడండి. పండగ రాకముందే కేకు కోసి, పాటలు పాడి, నాటిక వేసి, అందరినీ పిలిచి అన్నం పెట్టడం సెమీ క్రిస్మస్. అందులో వినిపించేవి తెలుగు పాటలు. డప్పు ఉంటుంది, కీబోర్డు ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. వామ్ పాట ఉండదు.

అంటే షాద్‌నగర్‌లో ఉన్నంతసేపు ఆటగాడు కోటలో ఉన్నట్టే. అక్కడి నుంచి హైవే ఎక్కి నందిగామ, కొత్తూరు, తిమ్మాపూర్, పాల్మాకుల దాటి శంషాబాద్ చేరే సరికి గాలి మారుతుంది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచారు. అప్పటి నుంచి ఈ దారిలో రెండు డిసెంబర్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి మైకులో వినిపించేది. ఇంకోటి కాఫీ దుకాణాల పైకప్పులో దాగిన చిన్న స్పీకర్ల నుంచి సన్నగా జారేది. మా మేనకోడలు రోజూ ఆ రెండింటి మధ్య బస్సులో తిరుగుతుంది. ఇంట్లో ఆమె గెలుస్తున్నట్టు, డ్యూటీలో యుద్ధంలో ఉన్నట్టు.

24 అర్ధరాత్రి దాకా: ఈ మాటను చివరికి ఉంచుకుంటాను. దాని సంగతి వేరే.

వామ్: ఇంగ్లండ్‌లో బడిలో స్నేహితులైన ఇద్దరు కుర్రాళ్లు, జార్జ్ మైకేల్, ఆండ్రూ రిడ్జ్‌లీ, కట్టిన బృందం. 1986లో విడిపోయారు. ఇంతకన్నా అక్కర్లేదు.

‘లాస్ట్ క్రిస్మస్’: ఇక్కడ కాస్త ఆగాలి. తప్పించుకోవలసినదాన్ని తెలుసుకోకుండా తప్పించుకోవడం ఆట కాదు.

ఒకరోజు జార్జ్ మైకేల్ తల్లిదండ్రుల ఇంట్లో మిత్రులిద్దరూ టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. ఉన్నట్టుండి జార్జ్ లేచి, చిన్నప్పుడు తాను పడుకున్న పై గదికి వెళ్లాడు. కిందికి వచ్చేసరికి పాట ఎత్తుగడ వచ్చేసింది. దాన్ని 1984 ఆగస్టులో లండన్‌లో రికార్డు చేశారు. బయట ఎండాకాలం, లోపల స్టూడియోకు క్రిస్మస్ అలంకారాలు కట్టుకున్నారు. వాయిద్యాలన్నీ అతనే వాయించాడు. డ్రమ్ మెషీన్, సింథసైజర్, మంచు బండి గుర్రాలకు కట్టే గజ్జెలు. వినడానికి నిండుగా ఉంటుంది గానీ విప్పి చూస్తే చాలా కొద్ది సరుకుతో కట్టిన పాట. నాలుగు స్వరమేళాలు మొదటి నుంచి చివరి దాకా అదే వరసలో తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి చెవిలోకి వస్తే బయటికి పోకపోవడానికి ఆ తిరుగుడు ఒక కారణమని నేననుకుంటాను. పల్లవి ఎప్పుడు ముగిసిందో, మళ్లీ ఎప్పుడు మొదలైందో తెలియనివ్వని పాటను ఆపడం మనసుకు చేతకాదు.

పాటలో క్రీస్తు లేడు, పశువుల పాక లేదు. ఉన్నదల్లా పోయిన ఏడాది పండగకు ప్రేమించి దెబ్బతిన్న ఒక కుర్రవాడు. ఈసారి జాగ్రత్తపడతానంటాడు. కానీ గొంతు వింటే జాగ్రత్తపడడని మనకు తెలిసిపోతుంది. మరి క్రిస్మస్ ఎందుకు? ఏడాది తిరిగి అదే తారీఖు వచ్చినప్పుడు పాత గాయం సలుపుతుంది కాబట్టి. దసరాకు పుట్టింటికి రాని కూతురి గురించి బతుకమ్మ ఆడే తల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పండగ లేకపోతే ఆ నీళ్లు ఆ రోజున రావు. పండగ సంతోషానికే కాదు, గుర్తుకు కూడా గడువు పెడుతుంది. జార్జ్ మైకేల్ పట్టుకున్నది అదే.

1984 డిసెంబరులో పాట విడుదలైంది. ఇథియోపియా కరువు బాధితుల కోసం నలభై మంది దాకా గాయకులు కలిసి బ్యాండ్ ఎయిడ్ పేరుతో పాడిన పాట కూడా అదే నెల వచ్చింది. ఆ గుంపులో జార్జ్ మైకేల్ కూడా ఉన్నాడు. బ్రిటన్ పాటల పట్టికలో ఆ పాట ఒకటో స్థానంలో కూర్చుంది, ‘లాస్ట్ క్రిస్మస్’ రెండో స్థానంలో ఆగిపోయింది. తన పాటను తానే మరొకరి ఆకలి కోసం వెనక్కి నెట్టినట్టయింది. ఈ పాట మీద వచ్చిన సొమ్మును కూడా వామ్ ఆ కరువుకే ఇచ్చింది. ఒకటో స్థానం 2021 జనవరి 1న గానీ దక్కలేదు, ముప్పై ఆరేళ్లు పట్టింది. పండగ వారంలోనే ఒకటిగా నిలవడం 2023లో మొదటిసారి. అప్పటికి పాడినవాడు లేడు. జార్జ్ మైకేల్ 2016లో, సరిగ్గా డిసెంబరు 25న చనిపోయాడు. ఈ సంగతి తెలిశాక ఆ పాట మీద విసుక్కోవడం నాకు చేతకాలేదు. ఆట ఆడుతున్నవాళ్లు కూడా పాటను ద్వేషించి ఆడుతున్నారని నేననుకోను. ద్వేషించేదాన్ని ఎవరూ ఇరవైనాలుగు రోజులు మనసులో పెట్టుకుని తిరగరు.

చెవిన పడకుండా: కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. ఆటంతా ఈ లోపం మీదే నిలబడింది.

మనకు ఇలాంటి ఆట ఒకటుంది. భాద్రపద శుద్ధ చవితి నాడు చంద్రుణ్ణి చూడకూడదు. చూస్తే నీలాపనిందలు వస్తాయి. మా చిన్నప్పుడు ఆ సాయంత్రం వీధి వీధంతా తలలు వంచుకుని నడిచేది. బావి దగ్గర, మంటపం దగ్గర, ఎక్కడైనా సరే చూపు నేల మీదే. “అగో, ఆకాశంల విమానం” అని ఒకడు అరుస్తాడు, ఇంకొకడు గబుక్కున తలెత్తి నాలుక కరుచుకుంటాడు. అందరం నవ్వుతాం. చూసినవాడు ఇంట్లోకి ఉరికి శమంతకోపాఖ్యానం విని తల మీద అక్షింతలు వేసుకుంటాడు. పొద్దున్నే పూజలో వేసుకున్నవి ఉంటే భయం లేదంటారు పెద్దవాళ్లు. అయినా తల ఎత్తరు.

ఆ రాత్రి గురించి నాకు గుర్తున్నది ఇదే. మిగతా రాత్రుల్లో మేం చంద్రుణ్ణి పట్టించుకునేవాళ్లమే కాదు. చూడొద్దన్న ఆ ఒక్క రాత్రి మాత్రం చంద్రుడు ఎటు పక్క ఉన్నాడో ప్రతి పిల్లవాడికీ తెలుసు. చింతచెట్టు వెనకున్నాడా, గుడి మీదికి వచ్చాడా అని చూడకుండానే లెక్క కట్టేవాళ్లం. వద్దన్నందుకే ఆకాశం మాదైంది.

వామ్‌గెడాన్ చెవికి చేసేది ఇదే. మా మేనకోడలు మొదటి వారంలో నాతో అన్న మాట రాసిపెట్టుకున్నాను. “మామా, గీ ఆట షురూ చేసినంక అన్నీ ఇనబడుతున్నయి. కాఫీ మెషీన్ సప్పుడు, ట్రాలీల చక్రాలు, చిన్నపిల్లల ఏడుపు, అన్నీ. ముందు గివన్నీ ఒక్కటే లొల్లి అనిపించేటివి.” ఆమె అప్పటికి ఆ ఉద్యోగంలో రెండేళ్లుగా ఉంది. రెండేళ్లు వినకుండా ఉన్న చోటును వారం రోజుల్లో విన్నది. ఎక్కడ ఏ దుకాణం ఏ వేళకు ఏ పాట పెడుతుందో ఆమెకు కంఠతా వచ్చింది. ఫలానా మెట్ల దగ్గర రెండు దుకాణాల పాటలు కలగలిసి ఏదీ వినిపించదట. ఆ చోటును ఆమె ‘కోనేటి గట్టు’ అంది. అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకునేదట.

చెవుల్లో దూది పెట్టుకుని గెలవొచ్చా? మూలంలో నిషేధం లేదు. నా మట్టుకు అది చవితి రాత్రి కళ్లకు గుడ్డ కట్టుకోవడం లాంటిది. తప్పు లేదు, ఆట మాత్రం ఉండదు.

అసలు పాటకే లెక్క: వ్యాఖ్యాతకు పని పెట్టే మాట ఇది. ఇక్కడ మన చవితి నియమానికీ ఈ నియమానికీ చుక్కెదురు. శమంతకోపాఖ్యానంలో కృష్ణుడు చంద్రుణ్ణి నేరుగా చూడలేదు. పాలలో నీడను చూశాడు. ఆ నీడే చాలింది. ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని సత్రాజిత్తు నోట నింద పడ్డాడు. అడవి పట్టి తిరిగి, జాంబవంతుడితో ఇరవైయెనిమిది రోజులు పోరాడితే గానీ ఆ మచ్చ పోలేదు. మన పురాణం దృష్టిలో నీడ కూడా చంద్రుడే.

వామ్‌గెడాన్‌లో నీడలన్నీ క్షమించబడ్డాయి. టేలర్ స్విఫ్ట్ 2007లో ఈ పాట పాడింది, తర్వాత ఇంకెందరో పాడారు. అవి ఎన్నిసార్లు విన్నా ఓటమి లేదు. ఈ సడలింపు ఎందుకు? ఒకటి, అది లేకపోతే ఆట మూడో రోజుకే అందరికీ అయిపోతుంది. రెండోది నాకు ముఖ్యం. పాట వేరు, గొంతు వేరు అని ఈ నియమం గుర్తిస్తోంది. మన కచేరీల్లో ఒకే త్యాగరాజ కీర్తనను నూరుమంది పాడతారు, ఎవరూ అసలు కాదు, అందరూ అసలే. రికార్డు పుట్టాక అసలు అనే మాటకు కొత్త అర్థం వచ్చింది. ఫలానా రోజు ఫలానా గదిలో ఫలానా మనిషి ఊపిరి. ఆ ఊపిరి వినడమే ఓటమి.

‘పుడ్డింగ్ మిక్స్’ అని ఇదే పాటకు వామ్ అప్పుడే విడుదల చేసిన పొడుగు రూపం ఒకటుంది. గొంతు అదే, వాయిద్యం అదే, కట్టుబడి మాత్రం మారింది. దాన్ని వింటే? మార్చి కట్టినవి లెక్కలోకి రావన్న మాటను పట్టుకుంటే బతికినట్టు. గొంతును పట్టుకుంటే పోయినట్టు. డాలస్ నుంచి మా మేనల్లుడు బతికినట్టే అని వాదించాడు, వాడికి అవసరం ఉంది గనక. నా తీర్పు పోయినట్టే. ముఖానికి రంగు వేసుకుని ముందుకు వచ్చిన మనిషిని మనం మరొకరు అనం.

విని గుర్తుపట్టిన క్షణాన: మూలానికి ప్రాణం ఈ మాట. వింటే చాలదు. గుర్తుపట్టాలి.

మా ఊరి దగ్గర నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వారి భూకేంద్రం ఉంది. 1979 నుంచి ఉపగ్రహాలు పంపే సమాచారం అక్కడ దిగుతోంది. రోడ్డు మీద వెళ్తుంటే తెల్లటి పెద్ద పెద్ద గిన్నెలు ఆకాశం వైపు తిరిగి కనిపిస్తాయి. వందల కిలోమీటర్ల పైన పరుగెత్తే ఉపగ్రహం మా మీదుగా దాటేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో అది పంపే సన్నని సంకేతాన్ని ఆకాశంలోని రొదలో నుంచి ఏరి పట్టుకోవాలి. గిన్నె మీద అన్నీ పడతాయి. ఏది తనదో దానికి ముందే తెలిసి ఉండాలి, లేకపోతే పడిందంతా రొదే. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక ఇంజనీరు ఈ మాట చెబితే విన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఒక పాట ఆట దగ్గర పనికొచ్చింది.

మా అమ్మకు ఎనభై దాటాయి. ఆమె అయ్యప్ప భజనలను గొంతును బట్టి చెబుతుంది, ఏ ఇంటి మైకో కూడా చెబుతుంది. పక్కవీధి చర్చిలో పాడే పురుషోత్తమ చౌధరి కీర్తనల రాగాలు ఆమెకు చెవిలో ఉన్నాయి. మాటలు రావు గానీ కూనిరాగం వస్తుంది. అప్పటికి వామ్ పాట ఆమె జన్మలో వినలేదు. ఒకవేళ ఎక్కడైనా చెవిన పడ్డా, మిగతా రొదలో కలిసిపోయి ఉంటుంది. నియమం ప్రకారం ఆమె ప్రతి డిసెంబరూ గెలుస్తూ వచ్చింది. కానీ ఆమె ఆడినట్టేనా? నేను లేదంటాను. తెలిసినవాడికే ఈ ఆట. ఓడిపోయే వీలు కూడా తెలిసినవాడికే. పాటను లోపల మోస్తున్నవాడు మాత్రమే బయట దాన్ని తప్పించుకోగలడు.

మా మేనకోడలు డిసెంబరు 17న ఓడింది. అది కూడా చెబుతాను, ఆ క్షణం వివరం బాగుంటుంది కాబట్టి. ఆ పొద్దు డ్యూటీ అయిపోయి బయట బస్సు కోసం నిలబడింది. వచ్చినవాళ్ల కోసం ఎదురుచూసే జనం అక్కడెప్పుడూ ఉంటారు. ఒక్క మనిషి కోసం రెండు బండ్ల నిండా వచ్చిన కుటుంబాలు, చేతుల్లో బంతిపూల దండలు, టిఫిన్ డబ్బాలు, తాత వేలు పట్టుకున్న పిల్లలు. ఒక బండి అద్దం దించి ఉంది. లోపల నుంచి గజ్జెల చప్పుడు వచ్చింది. గొంతు ఇంకా మొదలవలేదు. “నాకు సమజైంది మామా. కాల్లు తీసి ఉరుకుదామనుకున్న. కానీ సమజైనంక ఉరికి ఏం ఫాయిదా?” గొంతు వినకముందే ఓడిపోయింది. గజ్జెలు చాలాయి. పరుగెత్తే బదులు నిలబడి పాటంతా విన్నదట. బండిలో ఒక చిన్నపిల్ల నిద్రపోతోంది, వాళ్ల అమ్మ పాట చప్పుడు తగ్గించిందట. అప్పుడు మా పిల్ల ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

వామ్‌హల్లా: నార్వే, డెన్మార్క్ దేశాల పాత కథల్లో వల్హల్లా అని ఒక మందిరం ఉంది. యుద్ధంలో పడిపోయినవాళ్లు అక్కడికి వెళ్తారు. ఆటను పుట్టించింది డేనులు గనక ఓడినవాళ్లకు తమ పురాణంలోనే చోటు చూపించారు. మన మాటలో వీరస్వర్గం. ఊరి పొలిమేరల్లో వీరగల్లులు చెక్కింది కూడా గెలిచినవాళ్లకు కాదు, పడినవాళ్లకు. ఓటమికి సిగ్గు కాక చోటు ఇచ్చిన నియమం ఇది. ఆ సాయంత్రం ఆమె గ్రూపులో “వీరస్వర్గం నుంచి నమస్తే” అని పెట్టింది.

కావాలని ఓడించడం ఆట ఉద్దేశం కాదు: మనుషుల సంగతి తెలిసినవాళ్లు రాసిన వాక్యం. 2023 డిసెంబరు మొదట్లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ ఫుట్‌బాల్ మైదానంలో విరామ సమయంలో ఈ పాట వేశారు. ఏడు వేల మందికి పైగా జనం ఒక్కసారిగా ఆటలోంచి పోయారు. పాట వేసినాయన తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అంతకు ముందు 2015లో ఆస్ట్రియాలో ఒక రేడియో వ్యాఖ్యాత స్టూడియో తలుపు వేసుకుని ఈ పాటను ఇరవైనాలుగు సార్లు వరసగా వేశాడు. వేసేవాడికి ఒక్క మీట, వినేవాడికి నెల రోజుల కాపలా. చవితి రాత్రి విమానం పేరు చెప్పి తలెత్తించిన వాడు పక్కనే నిలబడి తానూ నవ్వుతాడు, ఆ తర్వాత అక్షింతలు తానే తెచ్చిస్తాడు. ఆ దగ్గరితనం లేని చోట ఎదుటివాడి ఆట చెడగొట్టకూడదు. నియమంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే.

24 అర్ధరాత్రి దాకా: ఇప్పుడు దీనికి వద్దాం. ఏ అర్ధరాత్రి? మనకు పన్నెండు కొట్టేసరికి డాలస్‌లో అదే రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడి ఆటగాడికి ఇంకా పదకొండున్నర గంటల యుద్ధం మిగిలి ఉంటుంది, అదీ కిరాణా కొట్లలో జనం కిటకిటలాడే పూట. ఒకచోట మొదలుపెట్టి మరోచోట ముగించేవాడి సంగతేమిటి? మూలం చెప్పదు. వ్యాఖ్యాతే చెప్పాలి. ఒళ్లు ఎక్కడుంటే తారీఖు అక్కడిదే. తిథిని కూడా మనం ఉన్నచోటి సూర్యోదయంతోనే లెక్కపెడతాం కదా.

ఈ తీర్పు పుస్తకంలోది కాదు, మాకు అవసరం పడి చెప్పుకున్నది. ఆ ఏడాది మా మేనల్లుడు సెలవు పెట్టి 24 రాత్రే శంషాబాద్‌లో దిగాడు. డాలస్‌లో ఇరవై రెండు రోజులు అంగళ్లను తప్పించుకున్నాడు. దారిలో విమానం మారినచోట చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇళయరాజా పాటలు వింటూ కూర్చున్నాడట. మేం బయట రాడ్ల పక్కన నిలబడ్డాం. నేను, మా అక్క, మా మేనకోడలు. వాడు ట్రాలీ నెట్టుకుంటూ వచ్చి తల్లి కాళ్లకు మొక్కాడు. ఆ తర్వాత చెల్లెలి వైపు చూసి అడిగిన మొదటి మాట, “టైం ఎంతయింది?”

బండి పాల్మాకుల దాటింది. రోడ్డు పక్కన ఒక చర్చి ముందు నక్షత్రం వెలుగుతోంది, లోపల జనం నిండుగా ఉన్నారు, అర్ధరాత్రి ఆరాధనకు తయారవుతున్నారు. వాడు అద్దం దించి వాళ్ల పాట విన్నాడు. తెలుగు పాట, భయం లేదు. కొత్తూరు దగ్గర గడియారం పన్నెండు చూపించింది. గెలిచాడు. డాలస్ లెక్కన ఇంకా గెలవలేదని వాడే అన్నాడు, అప్పుడే నేను ఆ తీర్పు ఇచ్చాను. మా మేనకోడలు ఫోను తీసింది గానీ, “ఇంటికి పోయినంక, అందరం కలిసి” అన్నాడు వాడు.

మా అమ్మ పడుకోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది. మనవడి ముఖం రెండు చేతులతో తడిమి, చిక్కిపోయావని చెప్పి, అన్నం తిన్నావా అని అడిగింది. ఇన్నాళ్లూ మేం ఫోన్లలో ఏదో పాట గురించి మాట్లాడుకోవడం ఆమె వింటూనే ఉంది. “గదేం పాటనో పెట్టుండ్రి, నేనూ ఇంట” అంది. మేనకోడలు పెట్టింది. గజ్జెలు మోగాయి. మా అమ్మ తల ఒక పక్కకు వంచి, చివరి దాకా ఒక్క మాట మాట్లాడకుండా విన్నది.

“పిలగాడు మంచిగనే పాడిండు. ఎందుకో బాధపడుతున్నడు” అంది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

తర్వాత ఇంకోసారి పెట్టమంది. రెండోసారి పల్లవి తిరిగి వచ్చేసరికి వేళ్లతో శాలువా అంచు మీద తాళం వేస్తోంది. కొన్ని రోజులు గడిచాయి. సంవత్సరాంతం పూట ఆమె వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే గొంతులో ఆ రాగం వినిపించింది. మాటల్లేవు, ఉత్త కూనిరాగం. మేనకోడలు గడప దగ్గర ఆగి నా వైపు చూసింది. వచ్చే డిసెంబరుకు మా అమ్మ కూడా ఆటలో ఉంటుంది.